లవం అందరికీ కావాలి, హారం ఎవరికీ పట్టదు

ఎపిడెమియాలజీలోకి, అంటే జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో లెక్కగట్టే రంగంలోకి, రావాలనుకునే పిల్లలు ఈ మధ్య అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆర్ నేర్చుకోమంటారా, పైథాన్ నేర్చుకోమంటారా?" రెండూ లెక్కలు చేయడానికి వాడే కంప్యూటర్ భాషలే, నేర్చుకోండి, మంచిదే. కానీ అంటువ్యాధుల మీద, పరాన్నజీవుల మీద పనిచేస్తూ బతకాలనుకునేవాళ్లు అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. రాత్రి తొమ్మిదిన్నరకి రక్తం తీసే సర్వేకి వెళ్తే ఇంటికి తాళం వేసి ఉంది. ఫారంలో ఏం రాస్తారు? పక్కింట్లో ఇంకొకరిని చేర్చి లెక్క సరిచేస్తారా, మళ్లీ వస్తారా? ఈ రంగంలో మంచి పనికీ చెత్త పనికీ తేడా ఎక్కువగా ఇక్కడే తేలిపోతుంది. మన సంస్థల్లో మాత్రం ఇంటర్వ్యూలో గానీ ప్రమోషన్‌లో గానీ దీని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు.

బోదకాలునే తీసుకుందాం. గోదావరి జిల్లాలకీ ఉత్తరాంధ్రకీ ఇది తరాలుగా తెలిసిన జబ్బు. రాజమండ్రిలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం పెట్టింది అందుకే. దీనికి ఇప్పటికీ వాడే డీఈసీ మందు 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతిలో బయటికొచ్చింది. మందు దొరికి ఇన్నేళ్లయినా, దేశమంతా ఇంటింటికీ మాత్రలు పంచడం 2004లో మొదలైనా, నిర్మూలన గడువు మాత్రం 2015 దాటి, 2017 దాటి, ఇప్పుడు 2027 దగ్గర నిలబడింది. మందు పనిచేయక కాదు. ఎవరు మింగారో, ఎవరు మింగలేదో సరిగ్గా లెక్కపెట్టకపోవడం దీనికి పెద్ద కారణాల్లో ఒకటని నా గట్టి అభిప్రాయం.

ముందు రక్తం తీయడం దగ్గర మొదలుపెడతాను. మన దగ్గర ఉన్న వుచరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండిపోతాయి. రాత్రి 10 నుంచి 2 మధ్యలో పైరక్తంలోకి ఎక్కువగా వస్తాయి. ఈ జబ్బుని మోసే, మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టే వేళా అదే. అందుకే నైట్ సర్వే ఎనిమిదిన్నర తర్వాతే మొదలవ్వాలి. "మీటింగ్ ఉంది, సాయంత్రం ఆరింటికే కానిచ్చేద్దాం" అని ఎవరైనా అన్నారంటే, ఆ రోజు తీసిన స్లైడ్లు నమ్మడానికి లేదు.

ఉంగరపు వేలు పక్కభాగం స్పిరిట్‌తో తుడిచి, ఆరనివ్వాలి. తడి మీదే గుచ్చితే రక్తం బొట్టుగా నిలవదు, పాకిపోతుంది. మొదటి బొట్టు తుడిచేసి, కొలత గొట్టంతో 20 మైక్రోలీటర్లు తీసి గాజు పలక మీద దళసరిగా పూయాలి. నంబరు పలక మీదే, అక్కడే, మనిషి ముందే రాయాలి. క్యాంపుకి వెళ్లాక రాద్దామనుకుంటే రిజిస్టర్లో 37 ఉన్న మనిషి పలక మీద 38 అయిపోతాడు, ఒక్కడు జారితే ఆ వీధి మొత్తం జారుతుంది. పలకల్ని బల్లపరుపుగా, మూత ఉన్న పెట్టెలో ఆరబెట్టాలి. చీమలు, బొద్దింకలు ఆ పూతని తినేస్తాయి. వానాకాలం కోస్తా గాలికి పూత త్వరగా ఆరదు, ఆరకుండా నీళ్లలో పెడితే ఊడి వచ్చేస్తుంది. ఆరాక నీళ్లలో ఉంచి ఎరుపు పోగొట్టి, మళ్లీ ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి, జీమ్సా రంగు వేయాలి. మైక్రోస్కోపు కింద తోక కొస చూడాలి: బాంక్రాఫ్టి అయితే కొసన కేంద్రకాలుండవు, కేరళలో దొరికే బ్రూజియా మలయి అయితే రెండుంటాయి.

ఇంత జాగ్రత్తగా చేసినా 20 మైక్రోలీటర్లకి ఓ పరిమితి ఉంది. ఒకరి రక్తంలో మిల్లీలీటరుకి 10 మైక్రోఫైలేరియాలే ఉన్నాయనుకోండి. 20 మైక్రోలీటర్లంటే మిల్లీలీటరులో 50వ వంతు, అందులో సగటున 0.2 పడతాయి. ఒక్కటైనా కనపడే అవకాశం 18 శాతమే. మూడు గీతలుగా 60 మైక్రోలీటర్లు పూస్తే అది 45 శాతానికి వస్తుంది. మాత్రలు పంచేకొద్దీ రక్తంలో పురుగుల సంఖ్య పడిపోతుంది, కాబట్టి నిర్మూలనకి దగ్గరయ్యేకొద్దీ మన పరీక్ష గుడ్డిదవుతూ వస్తుంది. "500 మందిని చూశాం, ఒక్క పాజిటివ్ లేదు" అని రాసే రిపోర్టుకి అర్థం, పరీక్ష నూటికి నూరు సరైనదైనా, జబ్బు 0.6 శాతం దాకా ఉండొచ్చని. సున్నాకి కూడా పై హద్దు ఉంటుంది. ఒక్కటీ దొరకనప్పుడు 95 శాతం నమ్మకంతో వేసే లెక్క ఇది: 3ని 500తో భాగిస్తే వచ్చేదే ఆ హద్దు. ఆ హద్దు రాయకుండా సున్నా ఒక్కటే ప్రెజెంటేషన్‌లో పెట్టి చూపించేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇక ఆ 500 మంది, అంటే భిన్నంలో కింద ఉండే హారం, ఎవరన్నది ఇంకా పెద్ద ప్రశ్న. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ఎవరుంటారు? ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. లారీ తోలేవాళ్లు, చేపల రేవుకి వెళ్లినవాళ్లు, నైట్ డ్యూటీ వాచ్‌మన్లు, వలస కూలీలు ఉండరు. ఈ జబ్బు వయసొచ్చిన మగవాళ్లలో ఎక్కువ కనపడుతుంది. అంటే పురుగు ఎవరిలో ఉండే అవకాశం ఎక్కువో వాళ్లే మన జాబితాలోంచి జారిపోతున్నారు. 500 నింపడానికి ఇంకో వీధిలోకి వెళ్తే లక్ష్యం పూర్తవుతుంది, సత్యం పూర్తవదు. చేయాల్సింది: ముందురోజు పగలే ఇంటింటి జాబితా రాసుకోవడం, లేనివాళ్ల పేరు, వయసు, ఏ పని మీద వెళ్లారన్నది రాయడం, కనీసం రెండుసార్లు తిరిగి వెళ్లడం, చివరికి ఎంతమంది దొరకలేదో రిపోర్టు మొదటి పేజీలోనే చెప్పడం. దీనికి జీపు డీజిల్, టీమ్ భోజనం, ఇంకో రెండు రాత్రులు కావాలి. బడ్జెట్‌లో మొదట కోసేది వాటినే.

మాత్రల లెక్క దగ్గరికొస్తే పరిస్థితి ఇంకా దారుణం. 15 ఏళ్లు దాటినవాళ్లకి డీఈసీ 100 మిల్లీగ్రాములవి మూడు, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది ఒకటి, అది నమిలి మింగాలి. ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లకి ఇవ్వరు. మూడు మందుల పద్ధతి ఉన్న జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలుస్తుంది, ఎత్తు కొలిచి ఎన్నో నిర్ణయిస్తారు. ఆశా కార్యకర్త ముందే మింగాలన్నది నియమం. జరిగేదేమిటంటే, ఇంటి పెద్దకి ఆరుగురి మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేసి రిజిస్టర్లో ఆరు టిక్కులు పెట్టేస్తారు. తప్పు ఆవిడది కాదు. ఒక్క మనిషికి అన్ని ఇళ్లు, అన్ని తక్కువ రోజులు ఇస్తే ఎవరైనా అదే చేస్తారు.

తర్వాత సర్వేకి వెళ్లే పరిశోధకుడు "మాత్రలు వేసుకున్నారా?" అని అడుగుతాడు. "వేసుకున్నామండీ" అంటారు, మొహమాటం. మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: ఇచ్చారా, మింగారా, ఎవరి ముందు మింగారు. ఇంటి పెద్ద అందరి తరఫునా చెప్తే తీసుకోకూడదు, ఒక్కొక్కరినీ అడగాలి. మిగిలిన మాత్రలు చూపించమనాలి.

ఏటా 80 శాతం మంది మింగారని, ఐదేళ్లు పంచారని అనుకుందాం. ఏ ఏడాదికా ఏడాది ఎవరో ఒక 20 శాతం యాదృచ్ఛికంగా తప్పిపోతూ ఉంటే, ఐదేళ్లలో ఒక్కసారి కూడా మింగనివాళ్లు 10,000 మందిలో ముగ్గురే మిగులుతారు. అదే మనుషులు ప్రతి ఏడూ తప్పించుకుంటే 2,000 మంది మిగులుతారు. రెండు ఊళ్ల రిపోర్టులోనూ కవరేజీ 80 శాతమే! మనిషికో శాశ్వత నంబరు పెట్టి ఏడాది ఏడాదికీ జతచేస్తే తప్ప ఈ తేడా బయటపడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. డీఈసీ వేసుకున్నాక జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఎక్కువగా వచ్చేది రక్తంలో పురుగులు ఉన్నవాళ్లకే, అవి చావడం వల్ల వచ్చే బాధ అది. ఆ బాధ పడినవాడు మరుసటి ఏడు మాత్ర ముట్టడు. ఎవరు మింగితే ఊరికి మేలో వాళ్లే దూరమవుతారు. ముందే చెప్పి, ఆ రెండు రోజులు పారాసెటమాల్‌తో ఎవరైనా వాళ్ల ఇంటికి వెళ్లి చూస్తే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది.

మాత్రలు ఆపొచ్చా లేదా తేల్చే సర్వే చాలాచోట్ల పిల్లల మీద, 6–7 ఏళ్లవాళ్ల మీద చేస్తారు. రక్తంలో పురుగు జాడ పట్టే ఎఫ్‌టీఎస్ అనే స్ట్రిప్ మీద 75 మైక్రోలీటర్ల రక్తం వేసి, సరిగ్గా 10 నిమిషాలకి చదవాలి. ఆలస్యమైతే లేని గీత తేలి తప్పుడు పాజిటివ్ వస్తుంది, కాబట్టి ప్రతి స్ట్రిప్ మీదా వేసిన టైము రాయాలి. ఒక్కో సర్వే పరిధిలో 20 లక్షల జనాభా దాకా ఉండొచ్చు. అంత సగటులో నాలుగు మురికికాలవల వాడలు దాక్కుంటాయి. బోదకాలు నిర్మూలించినట్టు శ్రీలంకకి 2016లో డబ్ల్యూహెచ్‌ఓ ధ్రువీకరణ వచ్చింది, అది నిజమైన విజయం. అయినా గాలె తీరంలో జబ్బు అట్టడుగున మిగిలే ఉందని దోమల్ని పట్టి పరీక్షించిన పరిశోధకులే చూపించారు. ఇక్కడ ఇంకో మాట: 30 బళ్లలో 50 మంది చొప్పున 1,500 మందిని చూస్తే అది 1,500 విడివిడి మనుషులతో సమానం కాదు. ఒకే బడి పిల్లలు ఒకే వాడవాళ్లు. ఒకే బడి పిల్లల ఫలితాలు ఎంత ఒకేలా ఉంటాయో చెప్పే కొలత 0.05 అనుకున్నా, ఆ 1,500 మంది విలువ 435 విడివిడి మనుషులకి పడిపోతుంది. థీసిస్‌లలో ఈ దిద్దుబాటు లేకుండా కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ (అంచనాకి కింది, పై హద్దులు) వేసేస్తున్నారు, గైడ్లు సంతకాలు పెట్టేస్తున్నారు.

ఇంత పనికీ మన వ్యవస్థ ఇచ్చే విలువేంటి? పేపర్లు లెక్కపెడతారు. స్లైడ్లు చదివిన టెక్నీషియన్ పేరు చివర కృతజ్ఞతల్లో ఒక వరుస, చాలాచోట్ల అదీ ఉండదు. ఆయన కాంట్రాక్టు 11 నెలలు, ప్రాజెక్టు అయిపోగానే ఆయనా పోతాడు, ఆయన కంటికి వచ్చిన అలవాటూ పోతుంది. పాజిటివ్‌లన్నీ, నెగటివ్‌లలో పదోవంతూ ఇంకొకరు మళ్లీ చదవాలని ప్రోటోకాల్‌లో రాస్తారు, ఆ రెండో మనిషికి జీతం పెట్టరు. జబ్బు ఎక్కువగా ఉన్నప్పుడు నిధులొస్తాయి. ఒక శాతం కిందకి దిగాక, అసలు కష్టమైన పని మొదలయ్యే వేళకి, "ఇక ఇందులో కొత్తేముంది" అంటారు. స్లైడు చదివినవాళ్లనీ, ఇంటింటి జాబితా రాసినవాళ్లనీ రచయితల జాబితాలో పెట్టండి. దొరకనివాళ్ల పట్టిక లేని పేపర్ని ప్రమోషన్ లెక్కలోకి తీసుకోకండి. ఈ రెండూ చేయడానికి కొత్త నిధులు అక్కర్లేదు.

చదువుకోవడానికి దారులున్నాయి. చెన్నైలో ఎన్‌ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ), పుదుచ్చేరిలో వీసీఆర్‌సీ (జబ్బుల్ని మోసే దోమల్లాంటి వాటి మీద పరిశోధించే కేంద్రం), మెడికల్ కాలేజీల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు. ఎక్కడ చేరినా మొదటి ఏడాది ఫీల్డుకి వెళ్లనిచ్చే గైడ్‌ని వెతుక్కోండి. ప్రాజెక్టులో చేరేముందు ఇవి అడగండి: లేనివాళ్ల కోసం ఎన్నిసార్లు తిరిగి వెళ్తారు, ఆ ఖర్చు బడ్జెట్‌లో ఏ పద్దు కింద ఉంది? స్లైడ్లు రెండోసారి ఎవరు చదువుతారు? పాజిటివ్ వచ్చినవాళ్లకి ఫలితం ఎన్ని రోజుల్లో చెప్తారు, 12 రోజుల డీఈసీ కోర్సు ఎవరి చేతుల మీదుగా ఇస్తారు? చివరిదానికి "అది పీహెచ్‌సీ వాళ్లు చూసుకుంటారు" అన్న జవాబొస్తే, ఆ పీహెచ్‌సీలో ఎవరికి చెప్పారో పేరు అడగండి. పేరు చెప్పలేకపోతే చేరకండి.