థర్మల్ కెమెరా క్యాంపు పెట్టేవారికి సవినయ సూచనలు

ఒంటి వేడిని ఫొటో తీసి జబ్బులు చెబుతామంటూ, 'సూది లేదు, రేడియేషన్ లేదు, ఒంటిమీద చెయ్యి పడదు' అని ఫ్లెక్సీ కట్టించారు కదా, సగం పని అయిపోయినట్టే. మిగతా సగం రంగులు చూసుకుంటాయి.

కెమెరాకు తెలిసింది చర్మం పైపొర వేడి ఒక్కటే. ఒంటినుంచి వెలువడే 8-14 మైక్రాన్ల పరారుణ కిరణాలను పట్టుకుని లెక్క కడుతుంది. లోపల గడ్డ ఉందో లేదో దానికి పట్టదు. ఎరుపు, పసుపు, నీలం అన్నీ సాఫ్ట్‌వేర్ పూసినవే. ఏ వేడికి ఏ రంగో చెప్పే స్కేలు 24-38 డిగ్రీలకు పెడితే మనిషంతా ఒకే రంగులో చప్పగా కనిపిస్తాడు, ఫీజు రాలదు. 33-35కు బిగించండి, అర డిగ్రీ తేడాకే భుజం భగ్గుమంటుంది. స్కేలును కెమెరాయే సర్దుకునే 'ఆటో' పద్ధతికి వదిలేస్తే ఇంకా సుఖం: పేషెంటు చేతిలో చల్లటి మజ్జిగ గ్లాసు ఫ్రేములోకి వస్తే చాలు, స్కేలు కిందికి సాగి రంగులన్నీ మారిపోతాయి.

శాస్త్రం ప్రకారం గది 20-24 డిగ్రీలుండాలి, గాలి విసరకూడదు, చూడాల్సిన భాగం మీద బట్ట లేకుండా పదిహేను నిమిషాలు కూర్చోబెట్టాలి, అంతకుముందు టీ, సిగరెట్, బామ్, నూనె ఏవీ పనికిరావు. మే నెల షామియానాలో టోకెన్ లైను పెట్టుకుని ఇవన్నీ కుదిరే పనేనా? ఎండలోంచి నేరుగా రానివ్వండి. ఎడమపక్క టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఎడమ చెంప చల్లబడుతుంది, కుడిది వేడిగానే ఉంటుంది. దాన్ని రిపోర్టులో 'అసమానత' అని రాయండి. ఫ్యాన్‌కు పేరు రానక్కర్లేదు.

జ్వరం కూడా చూస్తారా? కరెంటు ప్యానెల్లో లూజు కనెక్షన్ పట్టడానికి చేసిన మామూలు కెమెరా రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తుంది. మన జ్వరం మొత్తం ఆ రెండు డిగ్రీల్లోనే ఉంటుంది! కళ్లజోడు తీయించడం, ఒక్కొక్కరినే నిలబెట్టడం, కంటి లోపలి మూల చూడటం, పక్కన బ్లాక్‌బాడీ (పోల్చి చూసుకోవడానికి, వేడి ఎంతో కచ్చితంగా తెలిసిన పరికరం) పెట్టడం లాంటివన్నీ పనిలేనివాళ్లు చేసుకుంటారు.

షుగరు పాదాల జోలికి మాత్రం పోకండి. అక్కడ వేడి కొలత నిజంగానే పనికొస్తుంది: రెండు పాదాల్లో ఒకేచోట తేడా రోజూ 2.2 డిగ్రీలు దాటుతుంటే పుండు పడబోతోందేమోనని నడక తగ్గించమంటారు. కాకపోతే పాదానికి ఆరుచోట్ల ఇంట్లోనే రోజూ చూసుకోవాలి, మామూలు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. ఇందులో మీకు మిగిలేదేముంది?

మిగిలేది రొమ్ము పరీక్షలోనే. అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2011, 2017, 2019లలో, ఈ కెమెరా పరీక్ష మామోగ్రామ్‌కు (రొమ్ము ఎక్స్‌రేకు) బదులు కాదని హెచ్చరించింది. ఫ్లెక్సీ మీద ఎఫ్‌డీఏ అన్న మూడు అక్షరాలు వేయండి, హెచ్చరికకు చోటు చాలదు. చేతికి గడ్డ తగులుతోందని ఎవరైనా పెద్దావిడ నసిగితే స్క్రీను ఆవిడ వైపు తిప్పండి. "చూడండమ్మా, అంతా నీలంగానే ఉందిగా, ఇంటికెళ్లి నిశ్చింతగా పడుకోండి."