సవరణ: పైపు కాడను బ్లీచ్‌లో నానబెట్టకండి

పాత పొగాకు పైపు కాడ (నోట్లో పెట్టుకునే గొట్టం) ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారితే బ్లీచ్‌లో నానబెట్టి, మరిగే నీళ్లతో కడగమని ఇంతకుముందు రాశాను. ఆ రెండు సలహాలూ తప్పు. దయచేసి పాటించకండి.

నల్లటి కాడలు చాలావరకు వల్కనైట్‌తో చేసినవి, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వెలుతురు, వేడి తగిలేకొద్దీ పైపొర ఆక్సీకరణ చెంది రంగు మారుతుంది. బ్లీచ్ ఆ రంగును తీసేస్తుంది, నిజమే. కానీ ఉపరితలాన్ని తినేసి సన్నని గుంటలు మిగులుస్తుంది. తర్వాత వాటిని అరగదీయాలంటే కాడ మందమే తగ్గిపోతుంది. మరిగే నీళ్లలో వల్కనైట్ మెత్తబడుతుంది, వంపు ఉన్న కాడ తిరిగి నిటారుగా సాగిపోవచ్చు.

తడి ఎమెరీ కాగితంతో ఓపిగ్గా రుద్దడమే మేలు. 600 నంబరు కాగితంతో మొదలుపెట్టి 1000, 2000 వరకు వెళ్లండి (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). ముందటి గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి నంబరు. ఒక ముఖ్యమైన మాట నేను అప్పుడు రాయనేలేదు: రుద్దేటప్పుడు కాడను పైపుకి బిగించే ఉంచండి, చెక్క భాగానికి టేపు చుట్టండి. విడిగా రుద్దితే అతుకు దగ్గర అంచు గుండ్రబడి, మళ్లీ ఎప్పటికీ సరిగ్గా కలవదు. నాకు ఎక్కువ బాధ కలిగించే నష్టం ఇదే. కంపెనీ ముద్ర ఉన్నచోట కాగితం తగలనివ్వకండి.

చివరి మెరుపుకు మెత్తటి గుడ్డ, పాలిష్ చాలు. మెషీన్ వాడితే ఒకేచోట ఆపకండి, వేడెక్కుతుంది.

అక్రిలిక్ కాడలు ఇలా ఆక్సీకరణ చెందవు. వాటిని ఆల్కహాల్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు రావచ్చు, గోరువెచ్చని సబ్బునీళ్లు వాడండి.