కిరాయోడు పోయిండు, తాళం మాత్రం పోలే

మహారాష్ట్రల బల్లార్‌షా, చంద్రపూర్ దిక్కు కిరాయి రూముల సంగతి మనకు తెలిసిందే గదా, బొగ్గు గనులు, పేపర్ మిల్లు, పవర్ ప్లాంటు, కాంట్రాక్టు ఉన్నన్ని రోజులు మనిషి ఉంటడు, అది అయిపోంగనే చెప్పకుండ పోతడు. మా గల్లీల ఒక పెద్దమ్మ మొగుడు పోయినంక వచ్చిన పైసలతోటి ఇంటెనుక రెండు రూములు ఏసుకున్నది. అండ్ల ఒకటి ఎనిమిది నెలల సంది తాళమే, ఫోను స్విచ్చాఫ్. కిటికీల నుంచి చూస్తే చాప, బకెట్, గోడకు క్యాలెండరు, కిరాయోడు పోయిన నెల కాడనే ఆగింది. మీటరు ఆమె పేరు మీదుంది కాబట్టి కరెంటు బిల్లు మాత్రం నెలనెలా ఆమెకే.

అందరు చెప్పేది ఒక్కటే, తాళం పలగ్గొట్టు అని. అస్సలు వద్దు. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద కిరాయోడు తాళం పలగ్గొట్టిన ఆరు నెలల్లోపు కేసేస్తే ఇల్లు ఎవరిదని కూడా చూడకుండ స్వాధీనం మళ్ల ఆయనకే ఇప్పియ్యొచ్చు. పైనుంచి నా డబ్బాల బంగారముండె అన్నడనుకో, లేదని ఎట్ల నిరూపిస్తది?

సరే, సక్కగ పోదామంటే మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం 1999 ఏమంటది? సరైన కారణం లేకుండ వరుసగ ఆరు నెలలు వాడకపోతే ఖాళీ చేయించమని కోర్టుకు పోవచ్చు. అంటే ఆరు నెలలు ఊకె కూసొని, ఆ తర్వాత వకీలును పెట్టుకొని, ఆ రూము వాడలేదని తనే సాక్ష్యాలు తేవాలె. వచ్చే కిరాయి వకీలు ఫీజుకే సాలది, రెండు రూముల ముసలామెకు, యాభై ఫ్లాట్ల బిల్డరుకు ఒకే దారి పెడితే అదేం న్యాయం?

కిరాయిదారు దవాఖానల ఉండొచ్చు, కాన్పుకు ఊరికి పోయి ఉండొచ్చు, ఓనర్లకు అధికారమిస్తే సామాను బజార్ల పడేస్తరు అనేటోళ్లున్నరు. ఆ భయం నిజమే, నేను కాదనను. అందుకే తాళం తీసే అధికారం ఓనరు చేతికి ఇయ్యమంటలేను. నేననేదేందంటే, తలుపుకు నోటీసు అంటియ్యాలె, ఆధార్ అడ్రసుకు ఒకటి పంపాలె, ముప్పై రోజులు చూడాలె, తర్వాత తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి), పోలీసు, ఇద్దరు పక్కింటోళ్ల ముందట వీడియో తీసుకుంట పంచనామా చేసి సామాను లిస్టు రాసి ఆరు నెలలు భద్రంగ పెట్టాలె. తాళంచెవి అప్పుడు ఓనరుకు. గింతదానికి ఏండ్ల కోర్టు ఎందుకు?

ఇంగ అసలు దెబ్బ కాగితం కాడ పడుతది. పదకొండు నెలల అగ్రిమెంటుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని వార్ధా నది అవతల తెలంగాణల ఉన్న చుట్టాలు చెప్పింది ఇని మనోళ్లు అదే నమ్ముకుంటరు. అది నడవది. అదే మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం 55వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు ఎన్ని నెలలదైనా రిజిస్టర్ చేయించే బాధ్యత ఓనరుదే, చేయించకపోతే మూడు నెలల దాక జైలు, లేకుంటే 5,000 రూపాయల దాక జుర్మానా, రెండూ కూడ పడొచ్చు. దానికంటే పెద్ద నష్టం ఏందంటే, కాగితం లేకపోతే షరతుల మీద కిరాయిదారు చెప్పిందే చెల్లుతది, అది తప్పని ఓనరే నిరూపించుకోవాలె.

ఈ ముక్క పెద్దమ్మకు ఎవరు చెప్పిన్రు? ఎవ్వరు చెప్పలే. ఆమె అగ్రిమెంటు స్టాంపు కాగితం మీద మరాఠీల ఉన్నది, మా పక్కనున్న రాజురా తాలూకా 1956 దాక హైదరాబాద్ రాష్ట్రంలనే ఉండె, ఇన్నేండ్లయినా మన తెలుగోళ్లు చదవరాని కాగితం మీదనే ఏలిముద్ర ఏస్తున్నరు. మొన్న ఆ కాగితం నేను చదివి చెప్పిన. కిందికెల్లి రెండో లైన్ల, ముందుగాల నెల రోజులు చెప్పకుండ కిరాయిదారు పోవద్దని రాసుంది. ఇది ఈ కాగితంలనే ఉన్నదా బిడ్డా అని అడిగింది.