చంటిపిల్లల అండమాన్ అవసరాలు

మూడేళ్ల పిల్లాణ్ణి చేత్తో పట్టుకుని, ఏడాదిన్నర పాపను చంకనేసుకుని అండమాన్ వెళ్లడం ఎందుకని కొందరు పెద్దలు ఈమధ్య బాహాటంగానే అడుగుతున్నారు. వాళ్లది పాతకాలం, వాళ్లకేం తెలుసులే అని కొట్టిపారేయొచ్చు. కానీ ప్రజాస్వామ్యంలో ప్రతి ప్రశ్నకూ జవాబు ఉండాలి. పసిపిల్లలతో సముద్రం దాటడం విలాసం కాదనీ, అది పిల్లల ప్రాథమిక అవసరమనీ నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయం మీద పిల్లల అభిప్రాయం కూడా తీసుకుంటే బాగుండేది. వాళ్లు ఇప్పుడే పడుకున్నారు. లేపే ధైర్యం ఎవరికీ లేదు.

ముందు చట్టపరమైన సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఎల్‌టీసీ అనే వరం ఒకటుంది, అంటే సెలవుపెట్టి కుటుంబంతో వెళ్లే ప్రయాణానికి ఛార్జీలు సర్కారే ఇస్తుంది. నాలుగేళ్ల బ్లాకులో సొంతూరు వెళ్లిరావడానికి ఇచ్చే అవకాశాన్ని, కావాలంటే అండమాన్ ప్రయాణంగా మార్చుకోవచ్చు. మామూలుగా విమానం ఎక్కే అర్హత లేని ఉద్యోగి కూడా అక్కడికి విమానంలోనే వెళ్లొచ్చు. అంటే నర్సీపట్నం అవతల ఉన్న నానమ్మ ఇల్లూ, బంగాళాఖాతం అవతల ఉన్న రాధానగర్ బీచీ సర్కారు లెక్కలో ఒకటే పద్దు. నానమ్మ ఇంటి దగ్గర గేదెదూడ ఉంది, జామచెట్టు ఉంది, కోడిపిల్లల వెంట పరిగెత్తడానికి బోలెడంత పెరడు ఉంది. కాదనం. కానీ ఊళ్లో దిగగానే, ‘ఏరా, చిక్కిపోయావ్’ అనే వాళ్లు కూడా ఉన్నారు. అండమాన్‌లో ఆ మాట అనేవాళ్లు ఉండరని ఒక నమ్మకం.

ఇక ముహూర్తం. రెండేళ్లు నిండని పాపకు విమానంలో సీటు అక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే కొద్దిపాటి రుసుముతో పోతుంది. రెండేళ్లు నిండాయా, పెద్దవాళ్లతో సమానంగా టికెట్టు కొనాల్సిందే. అందుకే చాలా ఇళ్లలో అండమాన్ ప్రయాణానికి మంచిరోజు పెట్టేది పంతులుగారు కాదు, పాప రెండో పుట్టినరోజు. ఆ వయసులో చూసింది పాపకు ఏమీ గుర్తుండదుగా అంటారా? అదే అసలు లాభం. పెద్దయ్యాక మళ్లీ తీసుకెళ్లొచ్చు.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. డైపర్లు ఒక సూట్‌కేసు, మందులు ఒక సంచి, కందిపొడి, నెయ్యి సీసా, బుల్లి రైస్ కుక్కర్. ఈ చివరి వస్తువు అమ్మ కోసం. ‘అక్కడ నీకు పూర్తి రెస్టు’ అని నాన్న హామీ ఇచ్చాడు కాబట్టి, హోటల్ గదిలో టీవీ ప్లగ్గు పీకి ఆమె మెత్తటి అన్నం వండుతుంది. వంటగది ఒక్కటే మారింది.

పొద్దున్నే లేవడం ఆరోగ్యమని పెద్దలే చెప్తారు కదా, ఆ విషయంలో అండమాన్‌ను మించిన గురుకులం లేదు. దేశమంతటికీ ఒకటే గడియారం. ఆ గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ పక్కనుంచి పోతుంది. పోర్ట్‌బ్లెయిర్, అదే 2024 నుంచి శ్రీవిజయపురం, దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. సూర్యుడు అక్కడ దాదాపు నలభై నిమిషాలు ముందే డ్యూటీ ఎక్కుతాడు, ఎండాకాలంలో అయితే అయిదింటికే తెల్లారిపోతుంది. ఇంటి దగ్గర స్కూలు వ్యాను హారన్ కొట్టినా కదలని పిల్లాడు అక్కడ నాలుగూ యాభైకి మంచం మీద నిలబడి ‘బీచ్, బీచ్’ అని గెంతుతాడు. హోటల్లో టిఫిన్ ఏడున్నరకు.

ఆ రెండున్నర గంటలు ఏం చేస్తారంటే, లిఫ్టులో తిరుగుతారు. పిల్లాడు మునివేళ్ల మీద లేచి కింది బటన్ నొక్కుతాడు, తలుపు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, మళ్లీ పై బటన్‌కు ఎత్తుకోమంటాడు. మూడో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా ఇంకో నాన్న, పైజామా, చెదిరిన జుట్టు, భుజాన ఇంకో పిల్ల. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. ఆ లిఫ్టు అవతల ఎక్కడో పగడపు దిబ్బలున్నాయి, దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం బారెన్ ద్వీపంలో ఉంది. లిఫ్టుకు అయితే బటన్లున్నాయి.

అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్‌కు, అంటే ప్యాకేజీలవాళ్లు ఇంకా హేవ్‌లాక్ అనే అమ్ముతున్న దీవికి, ఓడలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. ఆ సమయం గురించి రాయను. ఓడవాళ్లు ఇచ్చే సంచులు సరిపోలేదని మాత్రం నమోదు చేస్తున్నాను.

బంధువులెవరూ ఉండని చోటు అనే నమ్మకం గురించి ఇందాక చెప్పాను కదా. జెట్టీ బయట ఆటో బేరం ఆడటానికి నాన్న తన హిందీ మొత్తం బయటికి తీస్తాడు. ‘కిత్నా లేగా భయ్యా, బచ్చా లోగ్ హై’ అంటాడు. డ్రైవరు ఓపిగ్గా వింటాడు. తర్వాత, ‘తెలుగోలేటి బాబూ? ఏ వూరు మీది?’ అంటాడు. శ్రీకాకుళం నుంచి చేపల వేటకూ కూలి పనికీ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. అయిదు నిమిషాల్లో ఊరు, పేట, వియ్యపురాలి ఇంటిపేరు దాకా వచ్చేస్తుంది సంభాషణ. దిగేటప్పుడు అతను పిల్లాడి బుగ్గ పట్టుకుని, ‘గుంటడు మరీ బక్కగున్నాడమ్మా, ఏటీ తినడేటి?’ అంటాడు. నానమ్మ ఊరిని రద్దుచేసుకుని వచ్చినందుకు ఇంతకన్నా గట్టి మందలింపు ఉండదు.

సరే, రాధానగర్. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి బీచ్ అని రాసింది. ఆ మాట రెండు దశాబ్దాలుగా ప్రతి ప్యాకేజీ కాగితం మీదా ఉంది. తెల్లటి మెత్తని ఇసుక, వెనక ఆకాశాన్నంటే చెట్లు, పాలపచ్చ నీళ్లు. ఎంత చెప్పినా తక్కువే, నిజంగానే అంత బాగుంటుంది. ఈ మహాదృశ్యానికి వీపు తిప్పి పిల్లాడు కూర్చుంటాడు. ప్లాస్టిక్ బకెట్టులో ఇసుక నింపుతాడు, ఒంపుతాడు, మళ్లీ నింపుతాడు. ‘నాన్నా, అటు చూడు, సముద్రం చూడు’ అని బుగ్గలు పట్టుకుని తల తిప్పితే, ఒక్క క్షణం మర్యాదకు చూసి, ‘చూశాను’ అని మళ్లీ బకెట్టులోకి వంగుతాడు. పాప ఈలోగా నీటి అంచున చతికిలబడుతుంది. ఆమె డైపర్‌కు తడి పీల్చుకోవడమే వృత్తిధర్మం. ఎంత పీల్చాలో దానికెవరూ చెప్పలేదు కాబట్టి అండమాన్ సముద్రాన్ని పీల్చడం మొదలుపెడుతుంది. లేపి నిలబెడితే పాప లేస్తుంది, అది మాత్రం మోకాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

ఇక్కడ గిట్టనివాళ్లు ఒక మాట అంటారు. ఇసుకే కావాలంటే వీధి చివర అపార్టుమెంటు కడుతున్నారుగా, ట్రాక్టరు ఇసుక పోయించారుగా, సాయంత్రం అక్కడ వదిలితే పోయేది కదా అని. ఆ కుప్ప మీద ఇదే పిల్లాడు చీకటి పడేదాకా ఆడాడనీ, మేస్త్రీ తరిమితే గానీ దిగలేదనీ సాక్ష్యాలు కూడా తెస్తారు. ఈ వాదనలో అవగాహన లోపం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం, లోడింగు, రవాణా ఖర్చులే మనవి. అండమాన్‌లోనూ సరిగ్గా ఇదే విధానం. ఇసుక ఉచితం. రవాణా ఖర్చులే మనవి.

పైగా అక్కడ పెద్దవాళ్లకు వినోదం కూడా ఉంది. స్కూబా డైవింగుకు పదేళ్లు నిండాలి కాబట్టి పిల్లలు ఒడ్డున, పిల్లల్ని పట్టుకోవడానికి అమ్మ కూడా ఒడ్డున. నాన్న నీళ్లలోకి దిగి రంగురంగుల చేపలతో వీడియో దిగి వస్తాడు. ‘నువ్వూ వెళ్లాల్సింది, భలే ఉంది’ అంటాడు. బ్యాచ్ అయిపోయాక అంటాడు. సాయంత్రానికి అందరూ తెల్లబట్టల్లో ఫొటో. ఏడుస్తున్న పాప ముఖాన్ని అమ్మ భుజం వైపు తిప్పితే, ‘ఎంత ముద్దుగా పడుకుందో’ అని స్టేటస్ కింద ఆరుగురు రాస్తారు.

ప్రభుత్వం చేసిన మేలునూ మరిచిపోకూడదు. ఒకప్పుడు దీవుల్లో ఇంటర్నెట్ ఉపగ్రహం దయ మీద నడిచేది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేసి ప్రారంభించారు. దాని వ్యూహాత్మక ప్రాధాన్యం గురించి నిపుణులు చాలా రాశారు. ఆ కేబుల్ గుండా ఇప్పుడు చిట్టి చిలకమ్మ ఆగకుండా ప్రవహిస్తోంది, అది ఆగకుండా ఉన్నంతసేపూ పెరుగన్నం ముద్ద గొంతు దిగుతోంది.

సెల్యులార్ జైలు దగ్గర నవ్వుకు తావు లేదు. 1906లో పూర్తయిన ఏడు రెక్కల కట్టడంలో ఇప్పుడు మిగిలింది మూడు. అల్లూరి దళంలోని గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి, తర్వాత 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు వెళ్లాడు. ఈ సంగతి కొడుక్కి చెప్పాలని నాన్న విమానంలోనే రెండు వాక్యాలు తయారుచేసుకున్నాడు. మొదటి వాక్యం సగంలో ఉండగా, ‘నాన్నా, సుస్సు’. అంతే. పిల్లాణ్ణి ఎత్తుకుని ఆయన పరుగు తీశాడు, రెండో వాక్యం పెద్దయ్యాక చెప్పొచ్చు.

తిరుగు ప్రయాణం రోజు విమానాశ్రయంలో భద్రతా సిబ్బంది పిల్లాడి బుల్లి బ్యాగును స్కానింగ్ యంత్రం అవతల పక్కకు తీస్తారు. పగడాలూ కొన్ని రకాల శంఖాలూ 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి, దీవుల నుంచి పట్టుకెళ్లనివ్వరు. అది సరైన నిబంధన. బ్యాగులోంచి ఒక్కొక్కటే బల్ల మీద పెడతారు: ఒక బొమ్మ కారు, సగం బిస్కెట్టు, చేతినిండా గవ్వలు, ఒక తెల్లటి పగడపు ముక్క. యూనిఫాంలో ఉన్నావిడ నెమ్మదిగానే, ‘ఇవి ఇక్కడే ఉండాలి బాబూ’ అని హిందీలో చెబుతుంది. లగేజీలో రెండు కిలోలు ఎక్కువుందని గొడవపడిన నాన్న ఈ కేసులో మాత్రం నిందితుడు ఎవరో తనకు తెలియనట్టు నిలబడతాడు. నిందితుడు నేల మీద బోర్లా పడి ఏడుస్తాడు. పగడపు దిబ్బల సంరక్షణ కోసం ఇంత గట్టిగా ఏడ్చిన భారత పౌరుడు మరొకడు లేడు, కాకపోతే వ్యతిరేక పక్షాన.

ఇంత అవసరమైన యాత్రను మరింత మందికి అందుబాటులోకి తేవాలంటే నిబంధనల్లో చిన్న సడలింపు కావాలి. సొంతూరిని అండమాన్‌గా మార్చుకోనిచ్చిన ప్రభుత్వం, అండమాన్‌ను ఇంటి ముందు ఇసుకగా మార్చుకోవడానికి కూడా అనుమతించాలి. బోర్డింగ్ పాస్‌కు బదులు ట్రాక్టరు వే బిల్లు జతపరుస్తాం. లిఫ్టు ఉన్న ఏదైనా భవనంలో రోజుకు రెండున్నర గంటలు తిరగడానికి అనుమతి పత్రం ఇప్పిస్తే చాలు, గదులు అక్కర్లేదు. ఎల్‌టీసీ ఎలాగూ ఇద్దరు పిల్లల వరకే కాబట్టి ఒక ట్రాక్టరు సరిపోతుంది. రెండో కాన్పులో కవలలు పుట్టినవారికి నిబంధనల్లో ఇప్పటికే మినహాయింపు ఉంది. అట్టివారికి రెండో ట్రాక్టరు కూడా మంజూరు చేయవలసిందిగా మనవి.