మంచినీళ్లతో ఇంధనం పండించడం ఇక చాలు

2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ (నూనెల నుంచి చేసే ఇంధనం) కలపాలని 2018 జాతీయ జీవ ఇంధన విధానం చెప్పింది. గడువు దగ్గరపడినా మిశ్రమం ఒక శాతం దగ్గరే తచ్చాడుతోంది. కారణం అందరికీ తెలిసిందే: నూనె లేదు. తినే నూనెలో సగానికి పైగా ఓడల్లో తెచ్చుకుంటున్న దేశం డీజిల్ కోసం ఇంకో పంటను ఎక్కడ వేస్తుంది? పొలాల్లో వెతికినంతకాలం జవాబు దొరకదు. ఆటుపోట్లు తాకే ఉప్పునేలల్లో వెతకాలి.

సాలికోర్నియా అనే మొక్క పేరు మన వ్యవసాయ చర్చల్లో వినిపించదు. ఆకులున్నట్టే కనిపించని, కణుపులు కణుపులుగా పెరిగే మొక్క ఇది. దీని జాతి ఒకటి మన కోరింగ మడ అడవుల్లో దానంతట అదే పెరుగుతుంది. దాని అమెరికా బంధువును శాస్త్రవేత్తలు మెక్సికోలోని ఎడారి తీరాన ఆరేళ్లపాటు సముద్రపు నీటితోనే పండించి, 1991లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. హెక్టారుకు సుమారు 2 టన్నుల విత్తనం వచ్చింది. అందులో నూనె 26 నుంచి 33 శాతం. మన సోయా సగటు దిగుబడి హెక్టారుకు టన్ను దరిదాపుల్లోనే ఉంటుంది, గింజలో నూనె ఐదో వంతు. ప్రయోగ క్షేత్రానికీ రైతు పొలానికీ ఉండే తేడా తీసేసి చూసినా ఇది చిన్న విషయం కాదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది అబుదాబిలో చేసి చూపిన పద్ధతి. మస్దార్ నగరంలోని 2 హెక్టార్ల క్షేత్రంలో సముద్రపు నీటిని ముందు చేపల, రొయ్యల పెంపకానికి వాడారు. వ్యర్థాలు కలిసిన ఆ నీరు సాలికోర్నియాకు పారింది. దానికి అదే ఎరువు. మిగిలింది మడ మొక్కల్లోకి వెళ్లింది. ఆ గింజల నూనెతో చేసిన ఇంధనం కొంత కలుపుకుని 2019 జనవరిలో ఎతిహాద్ విమానం అబుదాబి నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు ఎగిరింది. ఇప్పుడు మన తీరం చూడండి. రొయ్యల సాగులో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. రొయ్యలు పట్టేశాక చెరువు నీళ్లు డ్రెయిన్లలోకి పోతున్నాయి. అక్కడి నుంచి ఆ ఉప్పు పక్క వరిచేలోకి, ఊరి మంచినీటి చెరువులోకి చేరుతోంది. వరి రైతులు, రొయ్య రైతులు ఏళ్లుగా తగువులాడుకుంటున్న ఆ నీరే ఒక పంటకు కావలసిన నత్రజనినీ భాస్వరాన్నీ మోసుకుపోతోంది!

బయోడీజిల్ గింజల కోసం ఒకప్పుడు నాటించిన జట్రోఫా మొక్క సంగతి ఏమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ దాన్ని తలకెత్తుకుంది. బంజరులో నీళ్లు లేకుండా పండుతుందని నమ్మినవాళ్లు నష్టపోయారు. జట్రోఫాకు లేకపోయింది నీరు, సముద్రం ఒడ్డున ఆ కరువు లేదు. సాలికోర్నియా నూనెలో దాదాపు నాలుగింట మూడు వంతులు లినోలిక్ అనే కొవ్వు ఆమ్లం కాబట్టి నిల్వలో త్వరగా చెడుతుందన్నదీ నిజమే. దాన్ని అదుపు చేసే పదార్థాలు కలపవచ్చు. వంటకే వాడతామంటారా, మరీ మంచిది, అంత మేరకు దిగుమతి తగ్గుతుంది.

అసలు నా పోరు నీటి గురించి. 2025లో భారత ఆహార సంస్థ గోదాముల్లోని బియ్యాన్ని కిలో 22.50 రూపాయలకు పెట్రోలులో కలిపే ఇథనాల్ తయారీకి కర్మాగారాలకు ఇచ్చారు. కిలో బియ్యం వెనుక వేల లీటర్ల నీరుంటుంది. తెలంగాణలో ఆ నీటిని బోర్లతో పాతాళం నుంచి తోడుతున్నాం. డెల్టాల్లో శివారు భూములకు దాళ్వా (రెండో పంట వరి) నీరు అందక రైతులు ఇంజన్లు పెట్టుకుంటున్నారు. ఇలా పండిన గింజను పెట్రోలు ట్యాంకులో పోసి, 20 శాతం మిశ్రమం సాధించామని పండగ చేసుకోవడం నాకు మింగుడుపడదు. తాగడానికీ తిండి పండించడానికీ పనికిరాని నీటితోనే ఇంధనాన్ని పండించాలి. జీవ ఇంధన విధానంలో ఇదే మొదటి నియమం కావాలి.

భావ్‌నగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ సాలికోర్నియాపై ఏళ్లుగా పనిచేస్తోంది, దాని నుంచి ఉప్పు కూడా తీసింది. ఆ అనుభవాన్ని రొయ్యల చెరువుల పక్కన పరీక్షకు పెట్టాలి. మంచి భూగర్భ జలాలున్న చోటికి ఉప్పునీరు తోడి తేకూడదు, మడ అడవి నరకకూడదు. ఇప్పటికే ఉప్పు పట్టిన భూములు, వదిలేసిన చెరువులు చాలు. కంపెనీలకు వేల ఎకరాలు లీజుకిచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోవాలి. అక్కడ ఉప్పునేలల్లో పెరిగే ఇలకూర కోసుకునే ఆడవాళ్లు, వల వేసే మత్స్యకారులు ఉన్నారు. సాగు హక్కు, నూనె తీసే మిల్లు రెండూ వాళ్ల సహకార సంఘాల చేతిలోనే ఉండాలి.