పక్షుల పుస్తకాన్ని కోసి బొమ్మలమ్మడం వ్యాపారమా?

ఇప్పుడే ఒక అమ్మకం ప్రకటన చూశాను. ఒళ్లు మండిపోతోంది. అమెరికా పక్షులను గీసిన 19వ శతాబ్దపు చిత్రకారుడు ఆడుబాన్ పక్షుల పుస్తకం చిన్న సైజు ముద్రణలోంచి తీసిన కరోలినా చిలుకల బొమ్మ అది. బంగారు రంగు ఫ్రేములో బిగించి, కింద "అసలైన పాత ప్రతి" అని గర్వంగా రాసుకున్నారు. ఫ్రేములో పెట్టక ముందు తీసిన ఫొటో కూడా పెట్టారు. పెద్దది చేసి చూడండి. కాగితం ఎడమ అంచు ఏటవాలుగా తెగి ఉంది. కుట్టు దారం దూరిన రంధ్రాలు అలాగే ఉన్నాయి. బ్లేడు ఒకచోట ఆగి మళ్లీ కదిలిన గాటు కూడా కనిపిస్తోంది. దాని కింద అందరూ "ఎంత బాగుందో", "మా హాలుకు సరిగ్గా సరిపోతుంది" అని రాసేవాళ్లే. మిగతా పుస్తకం ఏమైందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఏమై ఉంటుందో నేను చెబుతాను. ఆ ముద్రణ 1840 నుంచి 1844 దాకా భాగాలు భాగాలుగా వచ్చింది. మొత్తం 7 సంపుటాలు, 500 బొమ్మలు, ప్రతి పక్షికీ దాని గురించిన రాత. బ్లేడు పట్టుకున్నవాడు ముందుగా చిలుకలను, గుడ్లగూబలను, కొంగలను కోసుకుంటాడు. వాటికి గిరాకీ ఎక్కువ. గోధుమ రంగు చిన్న పిట్టలు ఎవరికి కావాలి? వాటిని కట్టగట్టి వచ్చినకాడికి వదిలించుకుంటాడు. రాత ఉన్న కాగితాలు చిత్తు కింద పోతాయి. ఏళ్ల తరబడి ఒక మనిషి అడవుల్లో, నదుల వెంట తిరిగి రాసుకున్నది గోడకు తగిలించడానికి పనికిరాదు కాబట్టి చెత్తబుట్ట పాలు!

"పుస్తకం అప్పటికే అసంపూర్ణంగా ఉందండీ" అంటారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఎందుకు అసంపూర్ణమైంది? నీకంటే ముందు ఇంకొకడు కోశాడు కాబట్టి. పది బొమ్మలు పోయిన పుస్తకం కూడా పుస్తకమే. దాన్ని అలాగే కొనుక్కుని, అలాగే దాచుకునేవాళ్లం ఉన్నాం.

ఇదే ఆడుబాన్ పెద్ద పుస్తకం సంగతి చూడండి. 1827 నుంచి 1838 దాకా వెలువడిన 435 బొమ్మలు, రాగి రేకుల మీద చెక్కి అచ్చువేసి చేతితో రంగులద్దినవి. ప్రతి పక్షినీ నిలువెత్తు పరిమాణంలో చూపించాలన్నది ఆయన పట్టుదల. అందుకే అంత పెద్ద కాగితంలో కూడా ఫ్లెమింగో మెడ కిందికి వంచితే గానీ పట్టలేదు. భాగానికి 5 బొమ్మల చొప్పున చందాదారులకు పంపేవారు: ఒక పెద్ద పక్షి, ఒక మధ్యరకం, మూడు చిన్నవి. అంటే డేగ కోసం డబ్బు కట్టినవాడి చేతికి పిచ్చుక కూడా వచ్చేది, చూడక తప్పేది కాదు. ఆ కూర్పంతా ఆలోచించి చేసింది. ఇవాళ ఆ కూర్పును ముక్కలు చేసి, ఫ్లెమింగో ఒకరికి, టర్కీ కోడి ఒకరికి పంచుతున్నారు.

ఇంగ్లిష్ చిత్రకారుడు, కవి ఎడ్వర్డ్ లియర్ చిలుకల పుస్తకం గుర్తొస్తే కడుపు రగిలిపోతుంది. 18 ఏళ్ల వయసులో, 1830లో మొదలుపెట్టారు. చచ్చిన పక్షుల తోళ్లు ముందు పెట్టుకుని గీసే రోజుల్లో, ఆయన లండన్ జూలో బతికున్న చిలుకల ముందు కూర్చుని గీశారు. 175 ప్రతులే అనుకున్నారు. బొమ్మను రాతి పలక మీద గీసి, దాని నుంచి కాగితాల మీద అచ్చువేసే పద్ధతి అది. అచ్చు కాగానే పలకల మీది బొమ్మలను చెరిపేశారు. 42 బొమ్మల దగ్గర డబ్బు చాలక ఆపేశారు. మళ్లీ అచ్చు వేయడానికి మూలం లేదు. అలాంటి పుస్తకం మీద బ్లేడు పెట్టడానికి చెయ్యెలా వస్తుంది?

పైగా గోడకు తగిలించాక ఆ బొమ్మ బాగుంటుందా? నీటిరంగులకు వెలుతురే శత్రువు. మూసిన పుస్తకంలో దాదాపు రెండు వందల ఏళ్లు చెక్కుచెదరని ఆకుపచ్చ, కిటికీ ఎదురుగా వేలాడదీస్తే వెలిసిపోతుంది. మంచి ప్రతిని తెరిచి పుటను కొంచెం వంచి చూస్తే, పక్షి కంటి మీద రాసిన తుమ్మజిగురు తడిగా ఉన్నట్టు మెరుస్తుంది. అద్దం వెనక అది కూడా కనిపించదు. గోడకు బొమ్మే కావాలంటే ఆడుబాన్ పేరు మీదున్న అమెరికా పక్షి సంరక్షణ సంఘం మొత్తం 435 బొమ్మలనూ ఉచితంగా ఇస్తోంది. చక్కగా అచ్చువేయించుకుని ఎంత పెద్ద ఫ్రేమైనా కట్టించుకోండి, ఎవరు కాదన్నారు?

ఫ్రేముల మాట వచ్చింది కాబట్టి నా పాత కోపం కూడా చెప్పేస్తాను. "జాన్ గౌల్డ్ గీసిన హిమాలయ పక్షి" అని అమ్ముతుంటారు. గౌల్డ్ ఇంగ్లండ్ పక్షి శాస్త్రవేత్త. హిమాలయ పక్షుల మీద ఆయన తెచ్చిన పుస్తకంలోని 80 బొమ్మలనూ రాతి మీద గీసింది ఆయన భార్య ఎలిజబెత్. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో "ఇ. గౌల్డ్" అని ఆమె పేరు ఉంటుంది. డార్విన్ గాలపాగోస్ దీవుల నుంచి తెచ్చిన ఫించ్ అనే చిన్న పిట్టలను గీసింది కూడా ఆమే. 1841లో ఎనిమిదో కాన్పు తర్వాత, 37 ఏళ్లకే పోయింది. పుస్తకం అట్ట మీద ఎలాగూ భర్త పేరే. ఆమెకు మిగిలింది ఆ ఒక్క వరుస. ఫ్రేము కట్టేవాళ్లు బొమ్మ చుట్టూ పెట్టే అట్ట ముక్కతో సరిగ్గా ఆ వరుసనే కప్పేస్తారు! వెనక చీటీ మీద మళ్లీ "జాన్ గౌల్డ్". కొన్నవాళ్లకు ఆమె ఉన్నట్టు కూడా తెలియదు. మీ ఇంట్లో అలాంటి ఫ్రేము ఉంటే ఆ అట్టను పైకి జరిపించండి, చీటీ మీద ఆమె పేరు రాయండి. అమ్మేవాళ్లయితే ముందు మీ ప్రకటనలో రాయండి.