అద్దాలు ఎత్తండి, బయట పాటలొస్తున్నాయి

అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉన్న తెలుగువాడికి భూగోళం రెండే ముక్కలు. వెళ్లి తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ కావాల్సింది ఒకటి, అక్కర్లేనిది ఒకటి. కరీబియన్ సముద్రంలో ఎన్ని అందమైన దీవులున్నా, డిసెంబర్ సెలవుల్లో మనవాళ్లు గుంపులుగా ప్యూర్టో రికోలోనే తేలడానికి కారణం ఇదే. 1898లో స్పెయిన్ నుంచి అమెరికా చేతికొచ్చిన దీవి అది. 1917 నుంచి అక్కడివాళ్లు అమెరికా పౌరులే, కానీ అక్కడ ఉన్నంతకాలం అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. పన్నులు కట్టీ ఓటు లేని మనం ఇంతకన్నా దగ్గరి చుట్టాల ఇంటికి ఎక్కడికి వెళ్తాం?

డల్లాస్ నుంచి నాలుగు కుటుంబాలం వెళ్లాం. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారితో కలిపి పదకొండు మందిమి. అద్దెకు ఒక వ్యాన్, రెండు కూలర్లు, ఒక ప్లేలిస్టు. ఈ మూడోదాని కోసం రెండు నెలలు వాట్సాప్‌లో చర్చలు నడిచాయి. ఇద్దరు హీరోల అభిమానులు ఒకే బండిలో ప్రయాణిస్తున్నప్పుడు ఆరు పాటలకు ఆరు పాటలు లెక్క కుదరాలి, మధ్యలో గొడవ రాకుండా పాత పాటలు అడ్డుగోడగా ఉండాలి. మొత్తం 412 పాటలు. దీవి చూస్తే ఆ చివర నుంచి ఈ చివరకు దాదాపు 160 కిలోమీటర్లు. అంటే పాటలు అయిపోయే భయం లేదు, దీవే అయిపోతుంది.

ఇంత బాధ్యతగా వెళ్లిన మాతో ఆ దీవి ఎలా ప్రవర్తించిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు రోడ్డు సంగతి. దూరాలు కిలోమీటర్లలో రాస్తారు, వేగం మైళ్లలో రాస్తారు, పెట్రోలు లీటర్లలో పోస్తారు. సరే, సాఫ్ట్‌వేర్ వాళ్లం, లెక్క కట్టుకున్నాం. కానీ పాటలకు ఏ లెక్కా లేదు. థాంక్స్‌గివింగ్‌కు మొదలైన క్రిస్మస్ వాళ్లకు జనవరి 6న ముగ్గురు రాజుల పండగ వచ్చినా అయిపోదు. ఆ తర్వాత ఎనిమిది రోజులు ఆక్తావీతాస్ అని సాగదీస్తారు. అదీ చాలక జనవరి మధ్యలో పాత సాన్ హువాన్ వీధుల్లో సాన్ సెబాస్టియన్ ఉత్సవం. ఆఫీసులో రిలీజ్ డేట్ జరిపినట్టు పండగను జరుపుకుంటూ పోయే జాతి ఇదొక్కటే అనుకుంటా.

లోయిసా అనే ఊళ్లో బోంబా చూశాం. అంటే, ఏసీ వేసిన వ్యాన్ అద్దంలోంచి చూశాం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు ఈ దీవికి ఇచ్చిన ఆటా పాటా అది. అందులో ఒక ఘోరం ఉంది. డోలు కొట్టేవాడిని చూసి ఆడేవాళ్లు అడుగు వేయరు. ఆడే మనిషి గౌను అంచు ఎలా విసిరితే, డోలువాడు ఆ విసురుకు తగ్గట్టు దెబ్బ వేయాలి. సంగీత దర్శకుడు ఏం కొడితే దానికి గెంతడం అలవాటైన మాకు ఈ అరాచకం మింగుడు పడలేదు. వెంటనే 37వ పాట పెట్టాం.

దక్షిణాన పోన్సే ఊరిది ఇంకో ధోరణి. అక్కడ పుట్టిన ప్లేనాను పాడే పత్రిక అంటారు. ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో, ఏ నాయకుడు ఏం మాట తప్పాడో చేతి డప్పుల మీద పాడేస్తారు. మన బుర్రకథ వాళ్లు ఎప్పుడో చేసిన పనే కదా అని మా అత్తగారు వెనక సీటు నుంచి అన్నారు. ముందు సీట్లో ఎవరూ పట్టించుకోలేదు, అప్పుడు ఐటం సాంగ్ నడుస్తోంది.

క్వాత్రో అనే వాద్యం గురించి కూడా చెప్పాలి. ఆ మాటకు నాలుగు అని అర్థం. తీగలు లెక్కపెడితే పది. పేరుకీ సరుకుకీ ఇంత తేడా ఉన్నదాన్ని టెస్టింగ్ టీమ్ ఎలా పాస్ చేసిందో తెలియదు. పక్కన గుయిరో అని ఎండిన సొర బుర్రకాయకు గాట్లు పెట్టి పుల్లతో గీకేస్తుంటారు.

గ్వావాతే కొండ దారిలో అసలు పరీక్ష ఎదురైంది. దారి పొడవునా లెచోనేరాలు, అంటే పందిని పందిగానే ఊచకు గుచ్చి నిప్పుల మీద కాల్చే హోటళ్లు. మేక, కోడి, చేప దాకా వచ్చిన మా బృందం అక్కడ ఆగిపోయింది. గందూలెస్ అన్నం ఉందంటే ప్రాణం లేచొచ్చింది. పేరు విన్నా కందుల్లాగే ఉంది, చూస్తే నిజంగా కందులే! అందులోనూ పంది ముక్కలు వేస్తారని తెలిసేదాకా ఆ ఆనందం ఉంది. చివరికి పార్కింగ్‌లో, అద్దాలు ఎత్తుకుని, పులిహోర తిన్నాం. ఇరవై అడుగుల దూరంలో సల్సా బ్యాండు మోగుతుంటే ఒక తాతగారు మనవరాలితో డాన్స్ చేస్తున్నాడు. మా పిల్లాడు కిటికీకి ముక్కు ఆనించి చూస్తుంటే వాళ్లమ్మ, "నాన్నా, చల్లగాలి పోతోంది, తలుపు తీయకు" అంది.

రాత్రికి పోన్సే పైన కొండ మీద అద్దె ఇంట్లో దిగాం. ఓనరమ్మ కింద వాటాలో ఉంటుంది. చీకటి పడగానే కొకీ కప్పలు అందుకున్నాయి. బొటనవేలంత కూడా లేని కప్ప "కొ-కీ, కొ-కీ" అని తన పేరు తనే చెప్పుకుంటుంది. ప్రచారంలో మన నాయకులకు ఏమాత్రం తీసిపోదు.

పదకొండు దాటాక కిటికీ కింద అడుగుల చప్పుడు, గుసగుసలు. ఆ వెంటనే డప్పులు, గిటార్లు, బుర్రకాయ గీకుడు, ఇరవై గొంతులు ఒక్కసారిగా! మాలో ఒక అన్న పోలీసుల 911 నంబరులో అప్పటికే 91 దాకా నొక్కేశాడు. ఇంకో ఒకటి నొక్కేలోపు ఓనరమ్మ నైటీలోనే నవ్వుతూ తలుపు తీసింది. పర్రాండా అంటారట. నిద్రపోతున్న ఇంటి ముందు చడీచప్పుడు లేకుండా చేరి, సైగ అందగానే పాట ఎత్తుకుంటారు. ఇంటివాళ్లు లేచి తినడానికీ తాగడానికీ పెట్టి, తామూ గుంపులో కలిసి ఇంకో ఇంటికి బయల్దేరాలి. చివరి ఇంట్లో తెల్లవారుజామున అసోపావ్, అంటే కోడి వేసిన బియ్యం జావ.

పైనున్న మమ్మల్నీ కిందికి పిలిచారు. జంతికలు, మిగిలిన పులిహోర పెట్టాం. శుభ్రంగా తిని, "ఇప్పుడు మీ పాట ఒకటి" అన్నారు. అన్న ఫోన్ తీశాడు. అది కాదు, నోటితో అని సైగ చేశారు.

412 పాటల యజమానులం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఒకడు పల్లవి మొదటి లైను అందుకుని రెండో లైనుకి "లలలా" అన్నాడు. ఇంకొకడు లిరిక్స్ వెతకబోతే కొండ మీద సిగ్నల్ లేదు.

అప్పుడు మా అత్తగారు, ఎవరి అనుమతీ తీసుకోకుండా, ప్లేలిస్టులో లేని గొబ్బి పాట అందుకున్నారు. ధనుర్మాసమే కదా అన్నారు తర్వాత. చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతుంటే ఓనరమ్మ వెనకే తిరిగింది. బుర్రకాయ అతను రెండో చరణానికే తాళం పట్టేశాడు. పాట అయ్యాక అత్తగారిని మధ్యలో పెట్టుకుని మరో ఇంటికి నడిపించుకుపోయారు. వెంట పోవాల్సిన మాకు పొద్దున్నే బీచ్ ప్రోగ్రామ్ ఉంది, పడుకున్నాం.

ఆరింటికి అత్తగారు తిరిగొచ్చారు, చేతిలో గుయిరోతో. జావ ముట్టలేదట, కాఫీ మాత్రం తాగారట. మేం నలుగురం చుట్టూ చేరి, ఆ పాట ఏ యాప్‌లో దొరుకుతుందో చెప్పమని అడిగాం, కారులో పెట్టుకుందామని. ఆవిడ మా వంక ఒకసారి చూసి, పిల్లాడి చేతికి బుర్రకాయ ఇచ్చి, మంచమెక్కి అటు తిరిగి పడుకున్నారు.